కాగితాలను మనుషుల వారీగా సర్దకండి

ప్రశ్న: మా వంశ చరిత్ర రాయాలని కొన్నేళ్లుగా వివరాలు పోగుచేస్తున్నాను. నాన్నగారు పోయాక ఆయన ట్రంకు పెట్టె కూడా నా దగ్గరికే వచ్చింది. అందులో ఉత్తరాలు, దస్తావేజులు, పాత ఫొటోలు, నాయనమ్మ మాటలు రికార్డు చేసిన రెండు క్యాసెట్లు ఉన్నాయి. పెద్దవాళ్లను అడిగి నేను రాసుకున్న నోటుపుస్తకాలు, ఫోన్లో తీసుకున్న ఫొటోలు వేరే. ఒక్కొక్కరి పేరున ఒక్కో ఫైలు పెట్టి సర్దడం మొదలుపెట్టి సగంలో ఆగిపోయాను. ఒకే ఉత్తరంలో అయిదుగురి సంగతులుంటే దాన్ని ఎవరి ఫైల్లో పెట్టాలి? తాతయ్య పుట్టిన సంవత్సరం ఒక కాగితంలో 1918 అని, ఇంకోదాంట్లో 1921 అని ఉంది. ఏది రాసుకోవాలి? మా తమ్ముడేమో "అన్నీ స్కాన్ చేసి కాగితాలు పారేయక్కా" అంటున్నాడు. నాకు మనసొప్పడం లేదు. దారి చెప్పండి.
– ఒక పాఠకురాలు

జవాబు: మీరు సగంలో ఆగిపోయింది ఓపిక చాలక అనుకోకండి. పద్ధతిలోనే చిక్కు ఉంది. మనిషికో ఫైలు అనేది ఎవరికైనా ముందుగా తట్టే ఆలోచనే. పది కాగితాలున్నంత వరకు బాగానే నడుస్తుంది. ఆ తర్వాత ప్రతి కాగితం దగ్గరా తగువే. ఆస్తి పంపకం దస్తావేజులో అన్నదమ్ములంతా ఉంటారు, సాక్షులుంటారు, రాసిన అతనూ ఉంటాడు. గ్రూప్ ఫొటోలో ఇరవై మంది ఉంటారు. జిరాక్సులు తీసి అందరి ఫైళ్లలోనూ తలొకటి పెడదామంటే, కొన్నాళ్లకు ఏది అసలో ఏది నకలో మీకే తెలియదు.

అందుకని కాగితాలను మనుషుల వారీగా సర్దడం మానేయండి. ప్రతి కాగితానికీ ఒక నంబరు ఇచ్చి, ఒకే చోట పెట్టి, మళ్లీ అక్కణ్నుంచి కదపకండి. అందులో ఎవరెవరి సంగతులున్నాయో ఒక రిజిస్టరులో రాయండి. వెతుక్కోవడం రిజిస్టరులో, తీసుకోవడం పెట్టెలోంచి. ఒక ఉత్తరంలో అయిదుగురు ఉంటే రిజిస్టరులో అయిదుగురి పేర్ల కిందా ఆ ఒక్క నంబరే కనిపిస్తుంది. ఉత్తరం మాత్రం తన చోట తాను ఉంటుంది.

నంబర్లు వేయడానికి ముందు ఇంకో పని ఉంది. ట్రంకు పెట్టె ఇంకా సర్దకుండా ఉంటే గబగబా చెయ్యి పెట్టకండి. మూత తీసి పైనుంచి ఫొటో తీయండి. ఒక్కో కట్ట తీసినప్పుడల్లా ఇంకో ఫొటో. మీ నాన్నగారు ఏ ఉత్తరాన్ని ఏ దస్తావేజు పక్కన పెట్టారు, ఏ కట్టకు దారం కట్టారు, ఏ కవరులో ఏ ఫొటో దాచారు అన్నది కూడా సమాచారమే. వెనక పేరు రాయని ఫొటో ఒకటి ఫలానా ఉత్తరం కవరులో దొరికితే, అందులో ఉన్నది ఎవరో పట్టుకోవడానికి మిగిలిన ఆధారం అదొక్కటే కావచ్చు. కట్టలు విప్పి అన్నీ తేదీల వరసలో పేర్చామంటే ఆ ఆధారం పోయినట్టే.

ఇది నా సొంత పట్టింపు కాదు. 1841లో ఫ్రాన్స్ ప్రభుత్వం ప్రాంతీయ ఆర్కైవ్స్‌కు, అంటే పాత రికార్డులు భద్రపరిచే ఆఫీసులకు, ఒక సర్క్యులర్ పంపింది. ఒక సంస్థ నుంచి గానీ, ఒక కుటుంబం నుంచి గానీ, ఒక మనిషి నుంచి గానీ వచ్చిన కాగితాలను ఒక్కచోటే ఉంచాలన్నది అందులో ముఖ్యమైన మాట. తర్వాత వేరే దేశాల ఆర్కైవ్స్‌లోనూ అదే మూల సూత్రమైంది. మీ ఇంట్లో కూడా అలాగే చేయండి. నాన్నగారి ట్రంకు ఒక వరస, మీ నోటుపుస్తకాలు ఒక వరస, బంధువులు ఇచ్చినవి ఒక వరస, ఫోన్లో మీరు తీసుకున్నవి ఇంకో వరస. ఒక్కో వరసకూ ఒక అక్షరం గుర్తు పెట్టుకోండి. ట్రంకులోవి ట్ర-001, ట్ర-002 అని, నోటుపుస్తకాలు నో-01, నో-02 అని వెళ్తాయి. నంబరులో అర్థం ఇరికించాలని చూడకండి. శాఖ, తరం, సంవత్సరం అన్నీ కలిపి కట్టిన నంబర్లు వినడానికి బాగుంటాయి గానీ, అలాంటి పద్ధతి మొదటి కొత్త సంగతి బయటపడగానే కూలిపోతుంది. వచ్చిన వరసలో అంకెలు వేసుకుంటూ పోండి చాలు.

రిజిస్టరులో ఒక పద్దు ఎలా ఉండాలో చూపిస్తాను:

ట్ర-147. ఉత్తరం, రెండు పేజీలు, నీలి సిరా. 1952 ఆగస్టు 11. తాతయ్యకు ఆయన తమ్ముడు రాసినది. ఇందులో వచ్చేవాళ్లు: నాయనమ్మ, పెద్దత్త, "బావగారు" (ఎవరో తేలాలి). సంగతులు: పెద్దత్త చదువు, ఇల్లు మారడం. ట్రంకులో తెల్లదారం కట్టలోది, కవరుతో సహా. రెండో పేజీ కింది మూల చినిగింది. స్కాన్ అయింది.

ఇంతే. కానీ ఇందులో ప్రతి ముక్కకూ పని ఉంది. "తెల్లదారం కట్టలోది" అన్నది మళ్లీ దొరకని సమాచారం. "మూల చినిగింది" అని రాయడం వల్ల, ఆ చిరుగు మీ చేతిలో పడింది కాదని తర్వాతివాళ్లకు తెలుస్తుంది. "ఎవరో తేలాలి" అన్నది మరీ ముఖ్యం. బావగారంటే ఫలానా ఆయనే అయ్యుంటాడని మీకు గట్టిగా అనిపించినా పద్దులో ఆ పేరు వేయకండి. కాగితంలో ఉన్నది "బావగారు" మాత్రమే. మీ ఊహకు వేరే గడి పెట్టుకోండి.

అన్నట్టు, పై పద్దులో నేను బంధుత్వపు వరసలు రాశాను, మీరు మాత్రం పేర్లు రాయాలి. పెద్దత్త అంటే మీకు ఒకరు, మీ పిల్లలకు ఇంకొకరు. మన కుటుంబాల నోటుపుస్తకాల్లో ఎక్కువగా గల్లంతయ్యేది ఇక్కడే. "చిన్నాన్న చెప్పాడు" అని రాసుకున్న వాక్యం ముప్పై ఏళ్ల తర్వాత చదివేవాళ్లకు ఎందుకూ కొరగాదు. ఎవరి చిన్నాన్న? రాసినవాళ్లకా, చెప్పినవాళ్లకా? ఇంటిపేరుతో పూర్తి పేరు రాయండి, పొడి అక్షరాలతో సరిపెట్టకండి. ఆడవాళ్లకు పుట్టింటి ఇంటిపేరు తప్పకుండా రాయండి. వంశ చరిత్ర పరిశోధకులు సాధారణంగా ఆడవాళ్లను పుట్టింటి పేరు మీదే నమోదు చేస్తారు. అది పోతే ఆమె వైపు పూర్వీకులందరి తలుపూ మూసుకుపోతుంది.

పేర్లు రిపీట్ అవుతుంటాయి. మనవడికి తాత పేరే పెట్టుకున్న ఇళ్లలో ఒకే పేరుతో ముగ్గురుంటారు. అందుకని కాగితాలకు లాగే మనుషులకూ నంబర్లుంటే సుఖం. దీనికి చాలా పాత పద్ధతి ఒకటుంది. 1590లో మిఖాయెల్ ఐట్జింగర్ అనే ఆయన ప్రచురించింది, 1898లో స్టెఫాన్ కెకులే ఫాన్ స్ట్రాడోనిట్జ్ బాగా వ్యాప్తిలోకి తెచ్చింది. మీరు 1. మీ నాన్నగారు 2, అమ్మగారు 3. తాతయ్య 4, నాయనమ్మ 5, అమ్మ తండ్రి 6, అమ్మమ్మ 7. ఎవరి నంబరును రెట్టింపు చేసినా వాళ్ల తండ్రి వస్తారు, దానికి ఒకటి కలిపితే తల్లి. నాయనమ్మ 5 కాబట్టి ఆమె తండ్రి 10, తల్లి 11. పట్టిక చూడక్కర్లేకుండానే లెక్క తెలిసిపోతుంది. ఇందులో అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు చోటు లేదు. వాళ్లకు 4-అ, 4-ఆ అని మీరే తగిలించుకోవచ్చు. దగ్గరి బంధువుల్లో పెళ్లిళ్లయిన కుటుంబాల్లో ఒకే మనిషికి రెండు నంబర్లు పడతాయి. అప్పుడు చిన్న నంబరు ఉంచి, రెండోదాని దగ్గర "ఫలానా నంబరు చూడండి" అని రాస్తే సరి.

ఈ రిజిస్టరు కంప్యూటర్లో స్ప్రెడ్‌షీటుగా పెట్టుకుంటే ఏ పేరైనా క్షణంలో వెతుక్కోవచ్చు. కంప్యూటర్ అలవాటు లేకపోతే గీతల పుస్తకం కూడా మంచిదే, వెనక వైపు పేర్ల సూచిక కోసం కొన్ని పేజీలు వదలండి. వంశవృక్షం సాఫ్ట్‌వేర్లు చాలా ఉన్నాయి. గ్రాంప్స్ లాంటివి ఉచితం. దేన్ని వాడినా ఒకటి చూసుకోండి: మీ సమాచారాన్ని జెడ్‌కామ్ ఫైలుగా బయటికి తీసుకునే వీలుండాలి. ఇది 1980ల నుంచి ఉన్న ఫార్మాట్, దాదాపు అన్ని వంశవృక్ష సాఫ్ట్‌వేర్లకూ అర్థమవుతుంది. అయితే పాత రకం జెడ్‌కామ్ ఫైల్లో ఫొటోలు ఉండవు, అవి ఏ ఫోల్డర్లో ఉన్నాయన్న దారి మాత్రమే ఉంటుంది. ఆ సంగతి తెలియక ఫైలు ఒక్కటే దాచుకుని, ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయని నమ్మేవాళ్లు ఉంటారు. 2021లో వచ్చిన 7.0 నుంచి ఫొటోలతో సహా ఒకే కట్టగా తీసుకునే ఏర్పాటు ఉంది.

మీ నోటుపుస్తకాల సంగతికొస్తే, వాటిని చింపి పేజీలు విడగొట్టకండి. ఫెయిర్ కాపీ రాసుకున్నా సరే, చిత్తుపుస్తకం పారేయకండి. పేజీలకు నంబర్లు వేయండి, అప్పుడు "నో-03, పేజీ 42" అంటే చాలు. ప్రతి సంభాషణకూ పైన ఎవరు చెప్పారు, ఏ రోజున, పక్కన ఇంకెవరున్నారు అన్నది రాయండి. పక్కన ఎవరున్నారన్నది ఎందుకంటారా? కోడలు ఎదురుగా కూర్చుంటే అత్తగారు చెప్పే కథ వేరు, ఒక్కరే ఉన్నప్పుడు చెప్పేది వేరు. వాళ్లు అన్న మాటను అన్నట్టే రాసి, మీ అభిప్రాయాన్ని చదరపు బ్రాకెట్లలో పెట్టండి. ఈ గీత లేకపోతే పదేళ్లకు మీ ఊహే పెద్దల మాటగా చెలామణీ అవుతుంది.

వీటితో పాటు ఎక్కడెక్కడ ఏం వెతికారో రాసుకునే డైరీ ఒకటి పెట్టుకోవాలి. చాలామంది దొరికినవే రాసుకుంటారు, దొరకనివి రాయరు. ఒక పద్దు ఇలా ఉంటుంది అనుకోండి: "తాతయ్య పుట్టిన సంవత్సరం కోసం. బడిలో చేరికల రిజిస్టరు, 1923 నుంచి 1928 వరకు చూశాను. ఆయన పేరు లేదు. 1926లో కొన్ని పేజీలు చినిగి ఉన్నాయి." ఈ నాలుగు ముక్కలు రాసి ఉంటే మళ్లీ అదే రిజిస్టరు కోసం మీరు తిరగనక్కర్లేదు. ఆ చినిగిన పేజీల్లో పేరు ఉండి ఉండొచ్చన్న అవకాశమూ గుర్తుంటుంది. ఉత్తి "లేదు" అని రాస్తే ఆ అవకాశం పోతుంది. ఏ పేరు, ఏయే స్పెల్లింగులతో వెతికారో కూడా రాయండి. ఆన్‌లైన్లో దొరికినవాటికి లింకు ఒక్కటే సరిపోదు, వెబ్ చిరునామాలు మారిపోతుంటాయి. ఆ రికార్డుల సంకలనం పేరు, పేజీ లేదా ఇమేజ్ నంబరు, చూసిన తేదీ ఉండాలి. రికార్డు ఆఫీసులో ఫోన్‌తో ఫొటో తీసుకునేటప్పుడు ముందు ఆ పుస్తకం అట్టను, దాని నంబరు చీటీని తీసి, తర్వాతే మీకు కావలసిన పేజీ తీయండి. లేకపోతే ఇంటికొచ్చాక గ్యాలరీలో ముప్పై పేజీలుంటాయి, ఏది ఏ పుస్తకంలోదో చెప్పేవాళ్లుండరు.

ఇప్పుడు 1918, 1921. రెండూ రాసుకోండి. ఒక్కోదాని పక్కన అది వచ్చిన కాగితం నంబరు వేయండి. ఒకటి కొట్టేసి ఇంకోటి ఉంచాలన్న తొందర వద్దు. ఆ తర్వాత ఒక్కో కాగితాన్నీ కూర్చోబెట్టి అడగండి: ఈ సంగతి చెప్పింది ఎవరు, వాళ్లకు ఎలా తెలుసు, ఎప్పుడు చెప్పారు? పుట్టిన రోజుల్లోనే ఇంట్లోవాళ్లు రాసినదైతే బరువు ఎక్కువ. మరణ రికార్డులో వయసు చెప్పింది కొడుకో మనవడో అయితే, చావు తేదీకి అది గట్టి సాక్ష్యం, పుట్టిన సంవత్సరానికి మాత్రం విన్న మాటే. ఒకే కాగితం ఒక విషయానికి బలంగా, ఇంకో విషయానికి బలహీనంగా ఉండొచ్చు. బడిలో చేర్చేటప్పుడు వయసు అటూ ఇటూ చేసి రాయించడం మామూలే కాబట్టి, బడి సర్టిఫికెట్ కదా అని గుడ్డిగా నమ్మక్కర్లేదు. లెక్క కూడా జాగ్రత్తగా వేయాలి. 1940 నాటి కాగితంలో వయసు 22 అని ఉంటే పుట్టింది 1918లోనే అనుకుంటాం. ఆ ఏడు పుట్టినరోజు ఇంకా రాకపోయి ఉంటే 1917 కూడా అవుతుంది. మీ 1918 ఎక్కడైనా ఇలా లెక్కగట్టి వచ్చిందేమో చూడండి.

అమెరికాలో వంశ చరిత్ర పరిశోధకులకు సర్టిఫికెట్ ఇచ్చే బోర్డు ఒకటి 1964 నుంచి ఉంది. ఒక విషయం రుజువైందనడానికి వాళ్లు అయిదు షరతులు పెడతారు. అందుబాటులో ఉన్న ఆధారాలన్నీ వెతకాలి, ప్రతిదానికీ అది ఎక్కడిదో రాయాలి, ఒకదాంతో ఒకటి పోల్చి చూడాలి, ఒకదానికొకటి పొసగనివి ఉంటే ఎందుకు పొసగలేదో తేల్చాలి, చివరికి వచ్చిన నిర్ణయాన్ని కారణాలతో కాగితం మీద పెట్టాలి. మనం సర్టిఫికెట్లకు పోనక్కర్లేదు గానీ ఈ చివరిది మాత్రం చేసి తీరాలి. "1918 అని ఎందుకు అనుకుంటున్నానంటే" అని ఒక అరపేజీ రాసి, ఆ రెండు కాగితాల నంబర్లు వేసి, తాతయ్య పేరున ఉంచండి. రేపు మూడో కాగితం దొరికితే, మీరు ఎక్కడ పొరబడ్డారో లేదో ఆ అరపేజీయే చెబుతుంది. మనిషి పేరున నేను పెట్టమనే ఫైలు ఇదొక్కటే. అందులో అసలు కాగితాలుండవు, మీ నిర్ణయాలు, వాటి కారణాలు ఉంటాయి.

మీ తమ్ముడి మాటకు వద్దాం. స్కాన్ చేయాలనడంలో అతను నూటికి నూరుపాళ్లు కరెక్టు. పారేయాలనడంలో కాదు. దస్తావేజుల్లాంటివాటికి అసలే కావాలి, నకలు చెల్లని సందర్భాలుంటాయి. మిగతావాటికైనా స్కాన్‌లో రాని సంగతులు బోలెడు. కాగితాన్ని వెలుతురుకు పట్టి చూస్తే కనిపించే వాటర్‌మార్కు, సిరా మారిన చోటు, తర్వాత ఎవరో దిద్దిన అంకె, అలాంటివి కొన్నిసార్లు అసలు చూస్తే తప్ప తేలవు. మీ 1921లో 21 దిద్దినదేమో కూడా అసలు కాగితమే చెప్పాలి. పైగా డిజిటల్ ఫైళ్లు శాశ్వతం అనుకోవడం భ్రమ. హార్డ్ డిస్కు ఎప్పుడు ఆగిపోతుందో చెప్పలేం. వాడకుండా అలా పడేసిన పెన్‌డ్రైవ్‌లో డేటా ఏళ్ల తరబడి నిలుస్తుందన్న గ్యారంటీ లేదు.

అయినా తమ్ముడి ఉత్సాహాన్ని వృథా చేయకండి, స్కానింగ్ పని అతనికే అప్పజెప్పండి. కాగితాలైతే 300 డీపీఐ (స్కాన్ ఎంత వివరంగా రావాలో చెప్పే అంకె), ఫొటోలైతే 600, బొటనవేలంత ఫొటోలైతే 1200 పెట్టమనండి. నలుపు తెలుపు ఫొటో అయినా కలర్లోనే స్కాన్ చేయాలి, మరకలు, వెలిసిన రాతలు అప్పుడే తెలుస్తాయి. వెనక వైపు ఖాళీగా ఉన్నా సరే, స్కాన్ చేయాలి. ఖాళీగా ఉందన్నది కూడా తెలియాలి కదా. దాచిపెట్టే కాపీ టిఫ్ అనే ఫార్మాట్‌లో ఉండాలి. జేపెగ్‌ను మార్పులు చేసి సేవ్ చేసినప్పుడల్లా నాణ్యత కొంచెం పోతుంది, కాబట్టి అది అందరికీ పంపడానికే. ఎక్కువ పేజీల దస్తావేజులకు పీడీఎఫ్/ఏ మంచిది, అది దీర్ఘకాలం దాచడం కోసమే 2005లో వచ్చిన ప్రమాణం. ఫైలు పేరులో ముందు రిజిస్టరు నంబరు, తర్వాత తేదీ: ట్ర-147_1952-08-11_పేజీ1. ఏడాది, నెల, రోజు అనే వరసలో రాస్తే తేదీని బట్టి వెతుక్కున్నా గందరగోళం ఉండదు. నెల తెలియకపోతే ఏడాదితోనే ఆపండి, ఊహించి నింపకండి. బంధువుల దగ్గర్నుంచి వాట్సాప్‌లో ఫొటో తెప్పించుకుంటే డాక్యుమెంటుగా పంపమనండి, మామూలుగా పంపితే కుదించుకుపోతుంది.

తెలుగులో టైపు చేసినవి ఉంటే ఒక్క మాట. యూనికోడ్ (ఏ కంప్యూటర్లోనైనా ఒకేలా చదవగలిగే అక్షరాల ప్రమాణం) కాని పాత ఫాంట్లలో టైపు చేసిన ఫైలు, ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే పిచ్చి గీతల్లా కనిపిస్తుంది. ఎవరైనా అలాంటి వంశవృక్షం ఇచ్చి ఉంటే ముందు దాన్ని ప్రింటు తీసి, తర్వాత యూనికోడ్‌లోకి మార్పించండి. మార్పించాక అక్షరం అక్షరం ప్రింటుతో పోల్చి చూసుకోవాలి, ఒత్తులు తారుమారవుతుంటాయి.

కాపీల విషయంలో 3-2-1 అని ఒక లెక్క ఉంది: మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, అందులో ఒకటి వేరే ఇంట్లో. మీ కంప్యూటర్లో ఒకటి, విడి హార్డ్ డిస్కులో ఒకటి, తమ్ముడి ఇంట్లోనో క్లౌడ్‌లోనో ఒకటి. ఆర్నెల్లకోసారి నాలుగైదు ఫైళ్లు తెరిచి చూడండి. తెరిచి చూడని బ్యాకప్ ఉన్నట్టా లేనట్టా ఎవరికీ తెలియదు.

క్యాసెట్ల సంగతి మాత్రం ఇవాళే చూడండి. మిగతావన్నీ ఆగుతాయి, టేపు ఆగదు. ముందుగా క్యాసెట్ వెనక అంచున రెండు మూలలా చిన్న ప్లాస్టిక్ పలకలు ఉంటాయి, వాటిని విరిచేయండి. ఇక ఎవరు పొరపాటున రికార్డు బటన్ నొక్కినా నాయనమ్మ గొంతు చెరిగిపోదు. ఏ ప్లేయర్ పడితే అందులో వేసి వినకండి. టేపు నలిగితే అంతే. మంచి ప్లేయర్ ఉన్నవాళ్ల దగ్గర, మీరు ఎదురుగా ఉండి, కంప్యూటర్లోకి వేవ్ ఫైలుగా (శబ్దాన్ని కుదించకుండా దాచేది) ఎక్కించుకోండి. ఎంపీ3 దానిలోంచి ఎప్పుడైనా చేసుకోవచ్చు. ఆ తర్వాత నిమిషాల వారీగా ఏ సంగతి ఎక్కడ వచ్చిందో రాస్తే అది రిజిస్టరులో మామూలు పద్దు అయిపోతుంది. అలాగే పాత ఫ్యాక్సులు, నున్నటి రసీదుల్లాంటివి ట్రంకులో ఉంటే అవీ ముందు స్కాన్ చేయించండి, వేడికి అచ్చయ్యే ఆ కాగితం మీద రాత వెలిసిపోతుంది.

కాగితాలు దాచే పద్ధతి గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, చేయకూడనివి తెలిస్తే చాలు. లామినేషన్ వద్దు, అది మళ్లీ ఊడదు. సెలోటేపు వద్దు, పసుపు మరక దిగుతుంది. గుండుసూదులు, క్లిప్పులు, స్టేపులు తీసేయండి, తుప్పు పడతాయి. రబ్బరు బ్యాండు కరిగి అంటుకుంటుంది. పీవీసీ కవర్లు ఫొటోలకు మంచివి కావు, పాలిస్టర్ లేదా పాలిప్రొపిలీన్ కవర్లు వాడండి. 19వ శతాబ్దం రెండో సగం నుంచి కలప గుజ్జుతో చేసిన కాగితం ఎక్కువైంది. అందులో ఆమ్లం ఉండటం వల్ల పసుపెక్కి పెళుసవుతుంది, పక్కనున్న కాగితానికీ అది పాకుతుంది. పత్రికల కటింగులు అన్నిటికంటే పాడు, వాటిని విడిగా పెట్టండి. మిగతావాటిని ఆమ్లం లేని ఫోల్డర్లలో, మడతలు విప్పి పరిచి పెట్టడం మేలు. నంబరు మెత్తటి పెన్సిలుతో వెనక అంచున వేయండి. ఫొటో వెనక పెన్సిలు పడకపోతే పెన్ను జోలికి పోకుండా కవరు మీద రాయండి. అటకలూ, స్నానాల గది గోడను ఆనుకున్న బీరువాలూ వద్దు. గాలిలో తేమ 65 శాతం దాటిందంటే బూజుకు అనుకూలమే. ట్రంకు పెట్టెనే వాడాలని ఉంటే వాడండి, కానీ నేల మీద కాకుండా కొంచెం ఎత్తులో పెట్టండి.

ఫొటోల్లో ఉన్నవాళ్లను గుర్తుపట్టగల పెద్దలు ఇంకా ఉంటే, రిజిస్టరు పూర్తయ్యేదాకా ఆగకుండా స్కాన్లు ప్రింటు తీసి తీసుకెళ్లండి. ముఖాల మీద 1, 2, 3 అని ప్రింటు మీదే అంకెలు వేసి, ఎవరు ఎవరిని ఎవరన్నారో పక్కన రాయండి. ఇద్దరు పెద్దలు రెండు పేర్లు చెబితే రెండూ రాయండి, 1918, 1921 లాగే.

బతికున్నవాళ్ల వివరాలు విడిగా ఉంచండి. పుట్టిన తేదీలు, గుర్తింపు కార్డుల నంబర్లు, జబ్బుల సంగతులు, దత్తతలు, విడాకులు మీ రిజిస్టరులో ఉండొచ్చు గానీ కుటుంబ గ్రూపుల్లోకి, ఆన్‌లైన్ వంశవృక్షాల్లోకి వాళ్లను అడగకుండా వెళ్లకూడదు. పెద్దవాళ్లు "ఇది రాయకు" అని చెప్పిన మాటలకు ఒక గుర్తు పెట్టుకుని, వాళ్లు పెట్టిన గడువు ఏదైనా ఉంటే అదీ పక్కనే రాయండి.

రిజిస్టరు మొదటి పేజీ ఖాళీగా వదిలేయండి. ట్ర, నో అంటే ఏమిటి, మనుషుల నంబర్లు ఎలా వేశారు, చదరపు బ్రాకెట్లు దేనికి, బ్యాకప్ డిస్కు ఎవరి ఇంట్లో ఉంది, పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు, మీ తర్వాత ఇదంతా ఎవరికి వెళ్లాలి, వాళ్లు ఉంచుకోలేకపోతే ఏ లైబ్రరీకో ఆర్కైవ్స్‌కో ఇవ్వొచ్చా అన్నవి పద్ధతి కుదురుకున్నాక అక్కడ రాయండి. రాశాక మీ తమ్ముడికిచ్చి, మీ సాయం లేకుండా ట్ర-147 తీసి తెమ్మనండి. తేలేకపోతే ఆ పేజీని తిరగరాయాలి.